అమ్మమ్మగారి ఊరి చెరువు, పాలెం అలివి వల, పెన్న మొగ

ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు ఎవరో ఒకరు అండమాన్లోనో మాల్దీవుల్లోనో పడవ మీద నిలబడి ఇంత పెద్ద చేపని రెండు చేతుల్తో ఎత్తిపట్టుకుని ఫోటో పెడతా ఉన్నారు. చూస్తే నాకు నిజంగా సంతోషంగా ఉంటది, సెలవు పెట్టుకుని పోయి నీళ్ళ ఒడ్డున చేప కోసం కాచుకుని కూర్చోవాలని ఒక మనిషికి అనిపించిందంటే ఆ మనిషి నాకు చుట్టమే అనిపిస్తది. కాకపోతే నా మనసు మాత్రం అండమాన్ దాకా పోదు, నెల్లూర్లో మైపాడు గేటు దగ్గర ఆగిపోయి అక్కడ బస్సు ఎక్కేస్తది.

మా నాన్న ఉద్యోగం ఒంగోల్లో. పరీక్షలు అయిపోంగానే అమ్మ మమ్మల్ని ప్యాసింజర్ బండెక్కించుకుని నెల్లూర్లో దిగి అక్కణ్ణించి బస్సులో అమ్మమ్మగారి ఊరికి తీసకపోయేది. ఇందుకూరుపేట దాటి మైపాడు పొయ్యే దారిలో ఉండే చిన్న ఊరు, పేరు చెప్పను, ఆ వైపోళ్ళకి చదవంగానే తెలిసిపోద్ది. పడమటి వైపు చెరువు, దాని కింద వరి కయ్యలు, తూర్పు వైపుకి పోతే సరుగుడు తోటలు, ఆ తర్వాత ఉప్పు కాలవ, దాన్ని దాటితే ఇసక, ఇసక దాటితే సముద్రం. ఉప్పు కాలవంటే బకింగ్‌హామ్ కాలవే, 1806లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి తవ్వుకుంటా పైకి తెచ్చారంట, మా తాత చిన్నప్పుడు దాంట్లో కట్టెల పడవలు, ఉప్పు పడవలు మద్రాసు దాకా పొయ్యేవని చెప్పేవాడు. మేం చూసేటప్పటికి పడవలు పోయినయి గానీ చేపలు ఉన్నయి. అంటే పొద్దున చెరువులో మంచినీళ్ళ చేప, సాయంత్రం సముద్రం చేప, మధ్యలో కాలవలో ఈ రెండు నీళ్ళకీ అలవాటు పడ్డ చేప, అన్నీ నడిచిపోయే దూరంలోనే. ఇంతకంటే పెద్ద హాలిడే ఏం కావాలో నాకు అప్పుడూ తెలీదు ఇప్పుడూ తెలీదు.

చెరువు దగ్గర మాకు గురువు కావిలి తాత. యానాదుల మనిషి. కయ్యలకీ చెరువుకీ కావిలి ఉండేవాడు, చెరువు కట్ట మీద తూముకి దగ్గర్లో ఆయన గుడిసె. మా మామ కంటే వయసులో ఎంతో పెద్దాయన అయినా మామని "అయ్యా" అనేవాడు, మమ్మల్ని "అబ్బయ్యా" అనేవాడు, మేం మాత్రం ఆయన్ని తాత అనే పిలిచేవాళ్ళం, మా అమ్మమ్మ అట్టానే పిలవమని గట్టిగా చెప్పింది. ఆయనకి తెలిసినన్ని సంగతులు తెలిసిన మనిషిని నీళ్ళ విషయంలో నేను మళ్ళీ చూళ్ళేదు. జీవశాస్త్రం పుస్తకాలు చదివినాక కూడా ఇదే మాట అంటాను.

ముందు ఎర్రలు, అంటే వానపాములు, తవ్వాలి. ఇంటి వెనక జాలాట్లోంచి నీళ్ళు పొయ్యే కాడ, అరటి చెట్ల మొదట్లో, తడి మట్టి చిన్న పారతో తిరగేస్తే ఎర్రలు కుప్పగా దొరికేవి, వాటిని కొబ్బరి చిప్పలో తడి మట్టి వేసి దాంట్లో పెట్టుకుని, ఎండ తగలకుండా పైన అరటాకు ముక్క కప్పుకుని కట్టెక్కేవాళ్ళం. గేలానికి సన్న వెదురు కర్ర, తంగూసు దారం, కొక్కెం నెల్లూరు నించి మామ తెచ్చేవాడు, బెండు మాత్రం జీలుగు బెండే, తాత తన కత్తితో చెక్కి ఇచ్చేవాడు. సీసం గుండు కొక్కేనికి ఎంత పైన కట్టాలి, బెండు ఎంత లోతుకి జరపాలి, ఇవన్నీ ఆయన చెరువు వైపు ఒకసారి చూసి చెప్పేవాడు. నీళ్ళు దిగిపోయే కొద్దీ రోజూ ఆ లోతు మారేది గదా, నిన్న పెట్టినట్టు ఇవాళ పెడితే ఎర బురదలో పడుకుంటది.

బెండు కదలికని బట్టి కింద ఏ చేప ఉందో ఆయన చెప్పేసేవాడు. బెండు చిన్నచిన్నగా అదురుతా ఉంటే పరిగెలు, ఎర కొరుక్కుని తినిపోతయ్యి, కొక్కెం మింగవు, లాగొద్దు. ఒక్క ఊపున మునిగి పక్కకి పోతే జెల్ల. మెల్లంగా, ఎవరో కింద నించి తీరిగ్గా ఈడ్చుకుపోతన్నట్టు పోతే బొమ్మిడాయి. "తొందరపడబాక అబ్బయ్యా, దాన్ని తిననీ, కడుపులోకి పోనీ" అని పక్కనే కూర్చుని చెప్తా ఉండేవాడు, ఆ చెప్పటం కూడా పెదాలు కదిలీ కదలనట్టు. జెల్ల పడితే మాత్రం మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు, దాని రెక్కల కాడ రెండు ముళ్ళు, వీపు మీద ఒక ముల్లు ఉంటయ్యి, గుచ్చుకుంటే చెయ్యంతా పోటు పెడతది, వేడి ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టుకుని కూర్చోవాల్సిందే. ఆయన రెండు వేళ్ళతో ముళ్ళ వెనక ఎక్కడో పట్టుకునేవాడు, అది కదల్లేక ఉండిపొయ్యేది.

కొరమీను కథ వేరే. దాని గురించి చెప్పాలంటే ఒక రోజు పడతది నాకు. కొరమీను గాలి పీల్చుకోటానికి పైకి వస్తది, తామరాకుల మధ్యలో బుడుంగుమని ఒక చప్పుడు, అంతే. తాత ఆ చప్పుడు విని అది ఎంత బరువుంటదో చెప్పేవాడు. దానికి ఎర్ర పనికిరాదు, చిన్న కప్పపిల్ల కావాలి, కట్ట పొడుగునా పుల్లలు పాతి, దారాలు కట్టి, సందేళ ఎరలు వేసి పోయి తెల్లారి చూసుకునేవాళ్ళు. కానీ ఆయనకి ఒక నియమం ఉండేది. నీళ్ళ మీద ఒకచోట ఎర్రగా, నారింజ రంగులో వందల కొద్దీ చిన్న పిల్లలు ఒకే ముద్దగా తిరగతా కనపడితే ఆ దరిదాపుల్లో గేలం వెయ్యనిచ్చేవాడు కాదు. అవి కొరమీను పిల్లలు, వాటి కిందనే తల్లీ తండ్రీ కాపలా ఉంటయ్యి, ఆ టైములో ఏది దగ్గరికి వచ్చినా మీదపడి కొరుకుతయ్యి కాబట్టి పట్టటం చానా తేలిక. అందుకే పట్టగూడదనేవాడు. "ఆ రెంటినీ తీసేస్తే ఇయ్యన్నీ యాడికి పోతయ్యి, కొంగలకి పోతయ్యి" అనేవాడు. ఆయన ఇల్లు గడిచేది ఆ చేపల మీదే, అయినా ఆ మాట తప్పటం నేనెప్పుడూ చూళ్ళేదు. నాకు ఈ ఒక్క సంగతి తల్చుకుంటే ఇప్పటికీ ఆయన మీద గౌరవంతో ఒళ్ళు జలదరిస్తది.

మే నెల సగం అయ్యేసరికి చెరువు అడుక్కి పొయ్యేది. అప్పుడు ఊరంతా దిగేది. తాటి మట్టల నారతో, వెదురు పుల్లలతో అల్లిన ఊతలు తీసుకుని వరసగా నడుచుకుంటా బురద నీళ్ళలో పొడుచుకుంటా పోతారు, కింద చేప ఉంటే ఊతకి తగిలి టపటపా కొట్టుకుంటది, పైన ఉన్న కంతలోంచి చెయ్యి పెట్టి తీసుకోవాలి. చెయ్యి పెట్టేముందు గుండె ఎట్టా కొట్టుకునేదో చెప్పలేను, లోపల ఉండేది బొచ్చో, వాలుగో, ఎండ్రకాయో, నీళ్ళపామో తెలీదు గదా. ఆడవాళ్ళు కొంగుల్లో పరిగెలు ఏరుకునేవాళ్ళు. ఆ రోజు ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఒకే వాసన.

బొమ్మిడాయిల పులుసు గురించి చెప్పకపోతే మా అమ్మమ్మ ఒప్పుకోదు. వాటి జిగురు పోవాలంటే పొయ్యిలో బూడిద, రాళ్ళుప్పు వేసి గరుకు రాయి మీద రుద్దాలి, అమ్మమ్మ పెరట్లో ఆ పనికే ఒక రాయి ఉండేది, ఇంకే పనికీ వాడనిచ్చేది కాదు. చింతపండు చిక్కటి రసం, పచ్చి మామిడికాయ టెంక తోటే ముక్కలు కోసి, మెంతులు జీలకర్ర ధనియాలు వేయించి దంచిన పొడి, మట్టి దాకలో. పులుసు ఉడికేటప్పుడు గరిటె పెట్టదు, గుడ్డతో దాక అంచులు పట్టుకుని అటూ ఇటూ తిప్పుద్ది, ముక్క చెదరకూడదని. రాత్రికి అందరం అడిగినా కొంచెమే వేసేది. తెల్లారినాక తినాలి దాన్ని, ముక్కకి పులుపు పట్టినాక. నెల్లూరు చేపల పులుసని ఇప్పుడు హైదరాబాదులో, బెంగళూరులో ప్రతి హోటల్ బోర్డు మీదా రాస్తన్నారు, కొన్ని బాగానే ఉంటయ్యి కూడా, కానీ వేడివేడిగా తెచ్చి పెడతారు, అక్కడే నాకు మనసు విరిగిపోద్ది.

ఇక సముద్రం.

కాలవ దాటి పట్టపుపాలెం పోవాలి, సముద్రం మీద వేటకి పొయ్యే పట్టపోళ్ళ ఊరు. వాళ్ళ మాట మన మాట కాదు, ఇళ్ళల్లో తమిళం కలిసిన ఒక యాస మాట్లాడుకుంటారు, మాతో మాత్రం మంచి నెల్లూరు తెలుగు. మా మామకి అక్కడ ఒక పెద్దాయన బాగా దోస్తు, ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవాళ్ళు కాబట్టి మాకు ఆయన పాలెం మామ అయిపోయినాడు. మామిడిపళ్ళ రోజుల్లో అమ్మమ్మ ఒక బుట్ట మామిడిపళ్ళు పంపేది, వాళ్ళింటి నించి ఎండు నెత్తళ్ళు వచ్చేవి.

అలివి వల లాగటం చూశారా ఎవరన్నా? ఇప్పుడు కూడా మన తీరంలో అక్కడక్కడా లాగతారు. వల ఒక కొస తాడు ఒడ్డు మీద కొంతమంది పట్టుకుని నిలబడతారు, పడవ వల వదులుకుంటా సముద్రంలోకి పోయి పెద్ద అర్ధచంద్రంలాగా తిరిగి ఇంకో కొసతో కొంత దూరంలో ఒడ్డుకి వస్తది, ఇంక రెండు పక్కలా రెండు గుంపులు తాళ్ళు నడుముకి ఆనించుకుని వెనక్కి నడుస్తా లాగతా ఉంటారు, లాగే కొద్దీ రెండు గుంపులూ దగ్గరికి జరగాలి. ముందు వచ్చేది తాడే, చానా సేపు తాడే వస్తది, కొబ్బరి నార తాడు, అరచేతులు మండుతయ్యి. అంతమంది పెద్దోళ్ళు లాగే చోట పిల్లోళ్ళు పట్టుకుంటే ఏం సాయం అవుద్దో గానీ మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు, "లాగండ్రా అబ్బాయిలూ, కూరకి ఇస్తాం" అనేవాళ్ళు. వల రెక్కలు కనపడటం మొదలైనాక అందరి గొంతులూ మారతయ్యి, లాగే పాట వేగం అందుకుంటది, పైన కాకులు, గద్దలు, చివరికి సంచి ఒడ్డుకి వచ్చినాక దాంట్లో మెరిసే మెరుపు ఉంది చూడండీ, నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు, వెండి పట్టీలు కుప్ప పోసినట్టు సావడాయిలు, మధ్యలో పీతలు, జెల్లీ ముద్దలు. టేకు చేప పడితే అందరూ దూరం జరిగేవాళ్ళు, దాని తోకలో ముల్లు ఉంటదని. వాటాలు ఇసక మీదే పడేవి, వలకి ఒక వాటా, పడవకి ఒక వాటా, లాగినోళ్ళకి తలా ఇంత. మాకు దోసిట్లో కూర చేపలు. అవి తువ్వాల్లో మూటకట్టుకుని కాలవ దాటి ఇంటికి నడిచి వస్తా ఉంటే మేం ఇల్లు పోషిస్తన్నంత ఇదిగా ఉండేది.

పాలెం మామ దగ్గర నేను నేర్చుకున్నది గాలి. చెరువు కాడ తాత నీళ్ళు చూసి మాట్లాడితే ఈయన మొహం మీద గాలి తగిలించుకుని మాట్లాడేవాడు. ఎండాకాలం తెల్లారుజామున గాలి నేల మీద నించి సముద్రం మీదికి పోద్ది, రాత్రంతా నేల చల్లబడి ఉంటది గదా, ఆ గాలికి తెరచాప ఎత్తితే తెప్ప దానంతట అదే లోపలికి పోద్ది. పొద్దెక్కి నేల కాలినాక గాలి తిరగబడతది, సముద్రం మీద నించి ఊరి మీదికి, ఆ గాలికి తిరిగి ఒడ్డుకి. మోటారు లేని రోజుల్లో రోజూ పొయ్యేదీ వచ్చేదీ ఈ రెండు గాలుల మీదే. మేం ఇంట్లో పైటాల వసారాలో పడుకుని "అబ్బ, గాలి తిరిగింది" అనుకునే టైముకి అక్కడ తెప్పలు ఒడ్డుకి మళ్ళతా ఉంటయ్యన్నమాట. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నించి మధ్యాన్నం గాలి రాంగానే తెప్పలే గుర్తొచ్చేవి.

తెప్ప అంటే పడవ కాదు, తేలిక చెక్క దుంగలు నాలుగైదు తాడుతో కలిపి కట్టింది, నీళ్ళు దాని సందుల్లోంచి వస్తా పోతా ఉంటయ్యి, మునగటం అనేది లేదు. వేట నించి వచ్చినాక కట్లు విప్పి దుంగలు విడివిడిగా ఇసక మీద ఆరబెడతారు, నీళ్ళు పీల్చుకుంటే బరువెక్కుతయ్యని. మామ నన్ను దాని మీద అలల అవతల దాకా తీసకపోయాడు, అమ్మకి చెప్పకుండా. కెరటాలు విరిగే చోటు దాటేదాకా తెడ్డు వేసే ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు, అది దాటంగానే సముద్రం ఎంత నెమ్మదిగా ఉంటదో, ఒడ్డున నిలబడి చూసేవాళ్ళకి అది ఎన్నటికీ తెలీదు. అక్కడ చేతి గేలం వేశాం, కర్ర ఉండదు, దారం వేలి మీద వేసుకుని కూర్చోటమే, కింద చేప ఎర ముట్టుకుంటే ఆ కదలిక తిన్నగా వేలికే వస్తది. గొరక ఒకటి పడింది నాకు, పైకి తీస్తే కప్పలాగా గుర్రుగుర్రుమంటా ఉంది, చేప నోరు తెరిచి మాట్లాడతందని నేను భయపడితే వాళ్ళు అది దాని కడుపులో గాలి తిత్తితో చేసే చప్పుడని చెప్పారు.

ఇప్పుడైతే ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరమంతా మోటారు పడవలకీ మర పడవలకీ వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టుకునే కాలం అని. తెడ్డు తెప్పలకి ఆ నిషేధం లేదు. ఆ నిషేధం రోజులు సరిగ్గా మా సెలవుల రోజులే. మంచి పని అనే నేననుకుంటాను, కొరమీను పిల్లల దగ్గర కావిలి తాత పెట్టిన నియమమే గదా ఇది, తీరమంతటికీ పెట్టారు. ఆ రెండు నెలలూ వేట లేని ఇళ్ళకి సర్కారు ఇచ్చే భృతి టైముకి అందాలి, అది మాత్రం అందరూ గట్టిగా అడగాల్సిన సంగతి.

అన్నిటికంటే నాకు ఇష్టమైన చోటు పెన్న మొగ, అంటే పెన్న ఏరు సముద్రంలో కలిసే చోటు. మామ సైకిలు వెనక కూర్చుని గంగపట్నం పోయి, చాముండేశ్వరమ్మ గుడి కాడ దణ్ణం పెట్టుకుని, అవతల ఏటి ఒడ్డుకి. పెన్న ఎక్కడో కర్ణాటకలో నందికొండల్లో పుట్టి, కడప జిల్లా అంతా తిరిగి, సోమశిల, సంగం, నెల్లూరు దాటి ఇక్కడికొచ్చి ఇసక మేటల మధ్యలో సన్నగా అయిపోయి సముద్రంలో కలుస్తది. ఎండాకాలంలో ఏటికి బలం ఉండదు కాబట్టి సముద్రమే లోపలికి వస్తది, పోటు టైములో ఏరు వెనక్కి పారతా ఉంటది, నీళ్ళు నోట్లో వేసుకుంటే సగం ఉప్పు. కొయ్యంగలు గుంపులు గుంపులుగా నీళ్ళలోంచి ఎగురుతా ఉంటయ్యి. రాత్రిపూట టార్చి వేస్తే రొయ్యల కళ్ళు నిప్పు కణికల్లాగా ఎర్రగా కనపడతయ్యి.

ఇక్కడి రాజు పండుగప్ప. దాని కోసమే పొయ్యేవాళ్ళం. చెరువు తాతకీ పాలెం మామకీ ఇద్దరికీ తెలిసిన చేప ఇదొక్కటే, అందుకే నాకు అదంటే అంత ఇష్టమేమో. పిల్లగా ఉన్నప్పుడు కాలవల్లోకి, ఏట్లోకి, దారి దొరికితే చెరువుల్లోకి కూడా ఎక్కి మంచినీళ్ళలో పెరుగుద్ది, గుడ్లు పెట్టటానికి మాత్రం మళ్ళీ ఉప్పునీళ్ళకి, మొగ దగ్గరికి దిగిపోవాల్సిందే. చెరువు నిండి కలుజు మీంచి నీళ్ళు పొర్లే రోజుల్లో కాలవల్లోంచి చెరువులోకి ఎక్కొచ్చిన పండుగప్పని తాత చూశాడు, అది మిగతా చేపల్ని తినేస్తదని ఆయనకి దాని మీద కొంచెం కోపం. పాలెం మామేమో "పెద్ద పండుగప్పల్లో మగది ఉండదు అబ్బయ్యా, అన్నీ తల్లులే" అనేవాడు. పెద్ద చేపలు కోస్తే ఎప్పుడు చూసినా కడుపులో జనే, అంటే గుడ్లే, ఉంటదంట. నేను నమ్మలేదు ఆ మాట. డిగ్రీలో ఉన్నప్పుడు లైబ్రరీలో ఒక పుస్తకంలో చదివాను, పండుగప్ప మొదట మగ చేపగా ఎదిగి, కొన్నేళ్ళు పోయి బాగా పెద్దదయ్యాక ఆడ చేపగా మారిపోద్దని. బడి మొహం చూడని మనిషి చేపలు కోసుకుంటా కనిపెట్టిన సంగతి అది. ఆ సాయంత్రం ఆ పుస్తకం మూసి చానా సేపు కూర్చున్నాను.

పట్టటం ఎట్టాగంటే, బతికున్న రొయ్య గానీ చిన్న కొయ్యంగ గానీ ఎర, లావు దారం, పోటు తిరిగి పాటు మొదలయ్యే టైము. ఏటి నీళ్ళు సముద్రంలోకి మళ్ళినప్పుడు చిన్న చేపలు వాటితోపాటు దిగుతయ్యి గదా, పండుగప్ప ఇసక మేట పక్కన లోతులో నిలబడి వాటి కోసం చూస్తా ఉంటది. మామ దారం వదిలి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడేవాడు. పట్టిందంటే మెల్లంగా లాగటాలు ఏమీ ఉండవు, ఒక్క గుంజు, వెంటనే నీళ్ళ మీదికి ఎగిరి తల అటూ ఇటూ విదిలిస్తది, కొక్కెం ఊడగొట్టుకోటానికి, చానా సార్లు ఊడగొట్టుకునేది కూడా. ఒకసారి నాకంటే పొడుగా అన్నట్టు అనిపించిన చేప మామకి చిక్కింది, ఒడ్డుకి తెచ్చేసరికి మామ చేతులు రక్తం, దాని మొప్పల రేకులు కత్తుల్లాగా ఉంటయ్యి. ఆ చేపని సైకిలు బారుకి కట్టుకుని నడిపించుకుంటా ఊళ్ళోకి వచ్చాం. అమ్మమ్మ దాన్ని చూసి ముందు మామ చేతులకి పసుపు రాసింది, తర్వాతే కత్తిపీట అడిగింది. సగం కావిలి తాతకీ, మేం బాకీ ఉన్న ఇళ్ళకీ పోయింది.

ఒంగోలు వైపు సంగతి కూడా రెండు మాటలు. నాన్నకి ఆదివారం ఖాళీ దొరికితే కొత్తపట్నం తీసకపొయ్యేవాడు, అక్కడ చూడటమే, పట్టటం తక్కువ. కంభం చెరువు ఒకసారి చూపించాడు, గుండ్లకమ్మకి అడ్డంగా రెండు కొండల మధ్య విజయనగర రాజుల కాలంలో వేసిన కట్ట, వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. 2020లో దానికి ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చినప్పుడు నాన్న ఫోన్ చేసి ఎంత సంబరపడ్డాడో. అంత పెద్ద మంచినీళ్ళు నేను అప్పటిదాకా చూళ్ళేదు, బొచ్చెలు, శీలావతులు గంపల్లో పోసి ఉన్నయ్యి. అయినా నాకు అక్కడ ఏదో తక్కువనిపించింది, గాల్లో ఉప్పు లేదు, అంతే.

తర్వాత చానా మారినయ్యి. 90ల్లో టైగర్ రొయ్య వచ్చింది, మా వైపు కయ్యలు ఒక్కోటీ గుంటలైనయ్యి, రాత్రిళ్ళు ఏరేటర్ల చప్పుడు మొదలైంది. 1994, 95ల్లో తెల్లమచ్చ రోగం వచ్చి గుంటలకి గుంటలే పోయినయ్యి, మా బంధువుల్లో అప్పులపాలైన ఇళ్ళున్నయ్యి. 1996 డిసెంబరులో తీరం పక్కన రొయ్యల గుంటలు తీసెయ్యమని సుప్రీంకోర్టు తీర్పు, మళ్ళీ కొన్నాళ్ళకి 2009 నించి వెనామీ అనే ఇంకో రకం రొయ్య. రొయ్య వల్ల పిల్లల్ని ఇంజినీరింగులు చదివించుకున్న వాళ్ళు మా ఊళ్ళో చానామంది, వాళ్ళని నేను తప్పు పట్టను. కానీ దొరువులు పోయినయ్యి. ఇసకలో నాలుగడుగులు తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరే దొరువులు, సముద్రానికి అంత దగ్గర్లో తాగే నీళ్ళు, వాటిల్లో చిన్న మట్టగిడసలు కూడా ఉండేవి, మా ఊరి పక్కన గుంటలు వచ్చినాక అవి ఉప్పుతేలినయ్యి. దానికి మాత్రం నాకు బాధ తగ్గదు.

2004 డిసెంబర్ 26 సునామీ రోజు ఫోన్లు కలవక మేం పడ్డ అవస్థ... పాలెం మామ ఇల్లు ఇసక దిబ్బ మీద ఉండబట్టి మనుషులు బయటపడ్డారు, తెప్పలు, వలలు పోయినయ్యి. ఆ తర్వాత పాలేల్లోకి ఫైబర్ బోట్లు వచ్చినయ్యి, తెప్ప దుంగలు ఆరబెట్టటం తగ్గిపోయింది. ఇప్పుడు జువ్వలదిన్నెలో హార్బర్ కూడా కట్టారు, పాలెం మామ మనవడు ఫోన్లో గాలి, అలల ఎత్తు చూసుకుని బోటు తీస్తాడు. అయినా వాళ్ళ తాత మొహం మీద గాలి చూసుకునేవాడని నేను చెప్తే "మేం అదీ చూస్తాం బాబాయ్, ఫోనూ చూస్తాం" అన్నాడు. ఎంత సంతోషమేసిందో.

కావిలి తాత పోయి చానా ఏళ్ళయింది. ఆయన కొడుకు ఇప్పుడు పెన్నలో, కాలవల్లో విసురు వల వేస్తాడు, పోయిన సంక్రాంతికి పోతే మా అమ్మాయికి వల విసరటం చూపించాడు, మోచేతి మీద కొంత, పళ్ళ మధ్య కొంత పట్టుకుని నడుము తిప్పి విసిరితే వల గుండ్రంగా విచ్చుకోవాలి. అమ్మాయి విసిరితే ఇంకా ముద్దగానే పడతంది. మామకి డెబ్బై దాటినయ్యి, మోకాళ్ళు నెప్పులు, అయినా కొక్కెం కట్టే ముడి మాత్రం కళ్ళు మూసుకుని వేస్తాడు, ఆ ముడి మా అమ్మాయికి నేర్పాడు. నిషేధం అయిపోయినాక జూలైలో అమావాస్య చూసుకుని రమ్మన్నాడు, అమావాస్యకి పోటు జాస్తిగా ఉంటది, మొగలో నీళ్ళు బాగా ఎక్కి దిగుతయ్యి, పండుగప్ప తిరిగే రోజులు. అప్పటికి మొగ తెరుచుకుని ఉంటే చాలు. బతికున్న రొయ్యలు ఎక్కడ దొరుకుతయ్యో ఇప్పటి నించే అడిగి పెడతన్నాడంట, అమ్మాయి స్కూల్లో లీవు లెటర్ రాసే పని నాది.